వచన సంఖ్యలు వేసిన ఆటల పుస్తకం

గాలి పీల్చడానికే మనుషులు భయపడిన కాలంలో నాలో ఊపిరి నిలిపిన దేవునికి స్తోత్రం. నెలల తరబడి ఖాళీగా పడున్న పట్టాల మీద మళ్లీ రైళ్లను, వాటిలో మమ్మల్ని నడిపించిన దేవునికి స్తోత్రం. మా చెల్లెలి గడప తొక్కనిచ్చినందుకు, పరాయి ఊళ్లో మా ఊచబియ్యం రుచి చూపించినందుకు, డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి కడుపుబ్బ నవ్వగా విననిచ్చినందుకు వేల స్తోత్రాలు. ముందు ఆయనకు చెల్లించవలసినది చెల్లించాను. ఇక ప్రయాణం సంగతి చెబుతాను.

ఎందుకు వెళ్లానంటే

ఈ ప్రయాణానికి కారణం ఒక పుస్తకం. దానికి అట్ట లేదు, మొదటి పేజీ లేదు, రాసినవారి పేరు తెలియదు. హనుమకొండలో పాత పేపర్ల బండి మీద తూకానికి వెళ్లబోతుంటే ఆపి కొన్నాను. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పిన అలవాటు, ఊరికే పోదు. తెరిచి చూస్తే దక్షిణాఫ్రికా గురించిన పుస్తకం. ఆ దేశపు రాజకీయాలు ఆటస్థలాల్లోకి ఎలా వచ్చాయో, ఎవరు ఆడాలో ఎవరు ఆడకూడదో చట్టాలు ఎలా చెప్పాయో, చివరికి ఆటలే ఆ చట్టాల మెడ ఎలా వంచాయో తేట తెలుగులో రాసి ఉంది. చరిత్ర పుస్తకమే కానీ ఒక్కచోటా విసుగు లేదు.

మా చెల్లెలు సుగుణ, మరిది ప్రభుదాసు, వాళ్ల కూతురు స్వరూప సూరత్‌లోని బమ్రోలిలో ఉంటారు. ప్రభుదాసు మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఆ మగ్గాలను సిరిసిల్లలో లాగే అక్కడి మనవాళ్లూ సాంచాలనే అంటారు. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాక ముగ్గురూ ఎలాగో మా ఇంటికి చేరి నాలుగు నెలలు ఉన్నారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం స్వరూప చేతిలో పెట్టాను.

స్వరూప పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. పదో తరగతి దాకా గుజరాతీలో చదివింది. తెలుగు అక్షరాలు సంఘంలో బైబిలు వాక్యం చదవడం కోసం నేర్చుకుంది. అది తప్ప మరో తెలుగు పుస్తకం ఆ పిల్ల చేత పట్టలేదు. ఇప్పుడు ఇంటి దగ్గర చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. శనివారం మధ్యాహ్నం తొమ్మిదిమంది ఆడవాళ్లు తమ చీరలూ జిగురు సీసాలూ పట్టుకొని ప్రార్థనా మందిరంలో కూర్చుంటారు. స్వరూప ఈ పుస్తకం పైకి చదువుతుంటే, మిగిలినవాళ్లు రాళ్లు అంటిస్తూ వింటారు.

ఒకసారి ఫోన్‌లో, "పెద్దమ్మా, పోయిన వారం ఏడ ఆపిన్నో దొరుకతలేదు" అంది. "పేరాకొక అంకె వేసుకో తల్లీ, బైబిల్లో వచనాలకు ఉన్నట్టు" అన్నాను. ఆ సలహా నాది. దాని ఫలితంగా డిసెంబరులో సంఘ పెద్ద ఏలియాగారు ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి మందిరపు బీరువాలో పెట్టి తాళం వేశారు. "పంపినామె వచ్చి జవాబు చెప్పాలె. అప్పటిదాంక గుడిల ఇది చదువుడు బంద్" అన్నారట. మందిరంలో చదవకపోతే ఇక ఎక్కడా చదవలేరు. ఇళ్లన్నీ ఒక్క గది ఇళ్లు, చుట్టూ సాంచాల మోత. మందిరం ఉన్న గల్లీలో మాత్రం సాంచాలకు శనివారం సెలవు, ఆ పూట అక్కడ మనిషి గొంతు మనిషికి వినిపిస్తుంది.

అందుకని 2021 ఫిబ్రవరిలో జవాబు చెప్పడానికి బయలుదేరాను.

రైలులో

వరంగల్ స్టేషన్లో నా నుదుటికి తుపాకీ లాంటిది గురిపెట్టి వేడి చూశారు. దేవుని దయవల్ల పాసయ్యాను.

ఎదుటి సీట్లో విజయవాడ వైపు ఇంజనీరు. సూరత్ పక్క హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. మాస్కు మీద మాస్కు. రాత్రి బల్హార్షా దాకా మా మధ్య మాటల్లేవు. ఉదయం జలగావ్‌లో అరటిపండ్లు కొంటే డజను ముప్పై రూపాయలు. ఆ తీపికి ఇద్దరం మాస్కులు దించాం, మాటలూ మొదలయ్యాయి. నేను ఒక తెల్లకాగితం మీద ఏదో రాస్తుండటం చూసి ఏమిటని అడిగాడు. ఏలియాగారికి చెప్పవలసిన జవాబులు. పరుగు పందెం పోలికను అపొస్తలుడే వాడాడని ఒకటి, రాజుల చరిత్రలు లేఖనాల్లోనే ఉండగా రాజకీయం అంటే భయమెందుకని రెండు, అలా మొత్తం ఏడు పాయింట్లు. పుస్తకం సంగతి చెప్పాను.

"ఆటల్లోకి రాజకీయాలు తేకూడదండీ. ఆట ఆటే" అన్నాడు.

"టికెట్టు కొన్నవాడు ఏ గేటులోంచి లోపలికి వెళ్లాలో చట్టం చెప్పే దేశంలో ఆట ఆటగా ఎలా ఉంటుంది బాబూ?"

"అదీ నిజమేననుకోండి. కానీ మేం టీవీ పెట్టేది సిక్సర్ల కోసమండీ, సిద్ధాంతాల కోసం కాదు గదా."

"మీరు ఏ జట్టుకు చప్పట్లు కొడతారు? విజయవాడ వైపువారు, ఉండేది గుజరాత్‌లో."

"మా పిల్లలు గుజరాత్ ఆటగాళ్లున్న జట్టుకి కొడతారండీ. నేను ఇంట్లో వాళ్లతో కలిసి, మనసులో మాత్రం హైదరాబాద్‌కి."

నందుర్‌బార్ దాటాక దిగే హడావిడి మొదలైంది. ఆయన పిల్లలకు ఇమ్మని సకినాలు పొట్లం కట్టి ఇచ్చాను. సూరత్ స్టేషన్ బయట ఆటోలో కూర్చున్నాక సంచి వెతికితే నా తెల్లకాగితం లేదు. ఏడు పాయింట్లనూ సకినాలకు చుట్టి ఇచ్చేశాను. ఇంజనీరుగారి పిల్లలు వాటిని చదివి బాగుపడితే అదీ సువార్తే అనుకుని సరిపెట్టుకున్నాను.

బమ్రోలి

బమ్రోలిలో అందరూ అరిచి మాట్లాడతారు. కోపం కాదు, సాంచాల మధ్య బతికిన గొంతులు అంతే. నేను ఇంట్లోకి వెళ్లి పలకరించగానే సుగుణ కంగారుపడింది.

"ఏందక్కా, గట్ల మెల్లగ మాట్లాడుతున్నవ్? పానం బాగలేదా?"

"బాగానే ఉంది. మా ఊళ్లో మామూలుగా మాట్లాడితే ఇంతే."

"ఇగో, ఇంక జర్ర గట్టిగ మాట్లాడు. పక్కింటోళ్లు నువ్వు అలిగినవనుకుంటరు."

మరునాడు పొద్దున ప్రభుదాసు లోచో తినిపించడానికి తీసుకెళ్లాడు. శనగపప్పు నానబెట్టి రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, ముద్దగా ఉండగానే గరిటెతో ప్లేటులో వేసి, మీద నూనె, సన్న కారప్పూస, ఉల్లిముక్కలు చల్లుతారు. ప్లేటు ముప్పై అయిదు. మన దగ్గర ఇడ్లీ ఇలా విరిగిపోతే కోడలిని నాలుగు మాటలంటాం. ఇక్కడ వరుసలో నిలబడి కొనుక్కుంటున్నారు. "ఖమణ్ అని, ఇక్కడోళ్ల ఇడ్లీ లెక్క, అది చేయబోతే ఎవనికో చెడిపోయిందట వదినా, అదే లోచో అయింది" అన్నాడు ప్రభుదాసు. పొరపాటును పారేయకుండా ఉప్పూ కారం వేసుకుని తినే ఊరికి వచ్చానని ధైర్యం కలిగింది.

మధ్యాహ్నం రాళ్లు అంటించే ఆడవాళ్లు నన్ను చూడటానికి వచ్చారు. అసలు ఏం జరిగిందో అప్పుడు పూర్తిగా తెలిసింది. చెప్పింది మార్తమ్మ. ఆమె ఏది చెప్పినా చేతులతో, కళ్లతో ఆడి చూపిస్తుంది.

"ఆ దినం స్వరూప సదువుడు అయిపోయింది టీచరమ్మా. పుస్తకం మూస్తా మూస్తా, అలవాటు గద, 'దేవుడు తన వాక్యమును దీవించును గాక' అన్నది. మేమందరం సూదులు కింద పెట్టి 'ఆమేన్' అన్నం."

"సూదులెక్కడివే, జిగురు సీసలు" అంది స్వరూప.

"ఏదో ఒకటి పెట్టినం. గప్పుడే ఏలియా తాత మెట్లెక్కుతుండు. మస్తు సంబురపడ్డడు. 'ఏ భాగం సదివిండ్రు బిడ్డా?' అన్నడు. ఇగో గీమె, జర కూడ ఆలోచించకుంట, 'ఐదో అధ్యాయం, పన్నెండు నుంచి ఇరవై' అన్నది!"

"మరేమనాలె? గదే గద సదివింది!"

"తాత కూసున్నడు. సంకల నుంచి గ్రంథం తీసిండు. అద్దాలు పెట్టిండు. 'ఏ ప్రవక్తది?' అన్నడు. ఎవ్వలం మాట్లాడలే. 'అర్థం ఏముండె?' అన్నడు. గప్పుడు ఎనుక కూసున్న నేను ఊకోవాల్నా వద్దా? ఊకోలే. 'క్రికెట్ మ్యాచ్‌కు టికెట్లు అమ్ముడు తాతా' అన్న."

ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. స్వరూప నవ్వలేదు. చేతి వేళ్లకు అంటిన ఎండు జిగురు గోటితో గీకుతూ కూర్చుంది.

తాపీ వంతెన, కోసాడ్

శుక్రవారం ఏలియాగారిని కలవడానికి కోసాడ్‌కు వెళ్లాం, నేనూ స్వరూపా. ఆయన ఊరి అవతలి కొసన అమ్రోలి పక్క ప్రభుత్వ కాలనీలో ఉంటారు. ప్రతి శనివారం, ఆదివారం రెండు బస్సులు మారి బమ్రోలి వస్తారు. దారిలో తాపీ వంతెన దగ్గర దిగాం. ఒడ్డున పాకలు వేసి పచ్చి జొన్నకంకులు కాల్చి, నలిపి, గింజలు రాల్చి అమ్ముతున్నారు. వాళ్లు పోంక్ అంటారు. మనం ఊచబియ్యం అంటాం. మనవాళ్లు చేనుగట్టు మీద బెల్లం ముక్కతో తినేది, వీళ్లు నిమ్మకాయ పిండి, మిరియాల కారప్పూస కలిపి కాగితం ప్లేట్లో తింటున్నారు. ప్లేటు అరవై. ధరకు నోరు తెరిచాను, రుచికి మూశాను.

మునిసిపాలిటీ ఎన్నికల ప్రచారం జోరుగా ఉంది. మైకు పెట్టిన ఆటో ఒకటి మా పక్కనుంచి పోయింది. దాని వెనక అభ్యర్థి క్రికెట్ బ్యాటు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ.

"చూసినవా పెద్దమ్మా, బ్యాటు తిరగేసి పట్టిండు" అంది స్వరూప. "ఎన్నడన్న ఒక్క బంతి కొట్టిండా? ఓట్లప్పుడు అందరికి ఆట యాదికొస్తది. పుస్తకంల ఉన్నది గద, ఐదో అధ్యాయంల. గాడ మంత్రులు సుత గిట్లనే జట్టుతోని ఫొటోలు దిగుతుండిరి."

"నీకు ఓటుందా?"

"ఉన్నది. మొదటిసారి ఏస్తున్న." కాసేపు గింజలు నములుతూ నదిని చూసింది. "పెద్దమ్మా, గుజరాతీల సదివిన పది క్లాసులు పరీక్ష కోసం సదివిన. వాక్యం దేవుని కోసం సదువుత. గీ పుస్తకం ఒక్కటే, ఎవ్వలు అడగకుంట నా అంతట నేను సదివిన. ఆరో అధ్యాయం మొదలువెట్టకముందే ఆపిచ్చిండు తాత. తాతకు ఎదురు చెప్ప. కని నువ్వు జర మంచిగ చెప్పు."

"చెబుతాను" అన్నాను, ఏడు పాయింట్లూ పోగొట్టుకున్న దాన్ని.

ఏలియాగారి ఇల్లు మూడో అంతస్తు. పొడవాటి మనిషి, తలుపు కింద వంగి బయటికి వచ్చారు. ఆయన భార్య సంతోషమ్మ మాకు టీ ఇచ్చింది. ఏలియాగారు మాట తగ్గించి మాట్లాడినా కింది అంతస్తుకు వినిపిస్తుంది.

"అన్నా, ముందు నేను ఒప్పుకోవలసినది ఉంది" అన్నాను. "అంకెలు వేయమన్నది నేనే. పిల్ల తప్పు కాదు."

"ఎరుకే. పిల్ల నీ పేరు చెప్పలే. కని పేరాకో అంకె ఏసుడు టీచర్ల ఆలోచన." కాస్త నవ్వినట్టే అనిపించింది. "ఇగ పరుగు పందెం మాట చెప్తవు గద టీచరమ్మా?"

"చెబుదామనే అనుకున్నాను."

"రాజుల చరిత్ర గుడ చెప్తవు."

"అదీ ఉండేది. కాగితం పోయింది."

"పోనీ. అవన్ని నాకు ఎరుకనే. రేపు మాట్లాడదాం. గుడిల లేసిన మాట గుడిలనే తెగాలె." అంతటితో సంగతి ముగించి, మా ఊళ్లో రోగం ఎలా ఉంది, ఎంతమంది పోయారు అని అడిగి, పోయినవారి కుటుంబాల కోసం మోకరించి ప్రార్థన చేశారు.

లేచి వచ్చేటప్పుడు బాల్కనీ చూశాను. ఆ కాలనీలో పావురాలు లోపలికి రాకుండా అందరూ బజారులో కొన్న ప్లాస్టిక్ వల కట్టుకుంటారు. వీళ్లది నూలుతాడు వల. గళ్లన్నీ ఒకే కొలత. పై అంచుకు బెత్తెడు వెడల్పు తెల్లగుడ్డ పట్టీ కుట్టి ఉంది.

"ఎంత బాగుందో! ఎవరు అల్లారు?" అన్నాను.

"గాయననే" అంది సంతోషమ్మ, గొంతు తగ్గించి. "పావురాలకు గా పట్టీ ఎందుకయ్యా అంటె చెప్పడు. వాలీబాల్ నెట్టు లెక్క లేదూ? కని టీవీల ఆట వస్తె లేసి పోతడు. లగ్గమైన కాన్నుంచి ఒక్క ఆట చూసింది లేదు."

మందిరంలో

శనివారం. మందిరం మొదటి అంతస్తులో ఉంది, కింద సాంచాల సామాన్లు అమ్మే దుకాణం. మెట్ల దగ్గర చేతులకు శానిటైజర్. నేల మీద దూరం కోసం సున్నపు గుండ్రాలు గీశారు. ఆడవాళ్లు గుండ్రానికొకరు కూర్చున్నారు. ఒక చీర ఈ కొస ఒకరి ఒడిలో, ఆ కొస మరొకరి ఒడిలో. ప్రభుత్వం ఆరడుగులు చెప్పింది, మనవాళ్లు ఆరు గజాలు పాటించారు.

ఏలియాగారు ప్రార్థన చేసి, బీరువా తెరిచి, గుడ్డ మూట విప్పి పుస్తకాన్ని స్వరూప ముందు పెట్టారు.

"ఏ ముక్కకు మీరందరు ఆమేన్ అన్నరో గదే సదువు. నేను సుత ఇనాలె. ఇనకుంటనే తీర్పు చెప్పినని అనొద్దు."

స్వరూప పేజీ వెతికి చదివింది. ఆ భాగం ఇది. ఆ దేశపు జట్టులో తెల్లవాళ్లే ఆడేవారు. నల్లవాళ్లు ఎంత బాగా ఆడినా తమ ఆట తమలో తాము ఆడుకోవలసిందే. చూడటానికి వస్తే మాత్రం టికెట్టు అమ్మేవారు, మైదానంలో ఒక మూల కంచె కట్టి అందులో నిలబెట్టేవారు. పరదేశపు జట్టు వచ్చి ఆడినప్పుడు ఆ మూలనుంచి పెద్దగా చప్పట్లు వినిపించేవి. ఆ చప్పట్లు వచ్చిన జట్టుకు. తమ దేశం వికెట్టు పడితే ఆ మూల గంతులు వేసేది.

"మళ్ల సదువు" అన్నారు ఏలియాగారు.

మళ్లీ చదివింది.

"కంచెల నిలబడ్డోళ్లు, సొంత దేశం ఓడాలె అని కోరుకున్నరా? అందరా?"

"అందరని లేదు తాతా. శానమంది అని ఉన్నది."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. నేలమీది సున్నపు గీత చూస్తూ మొదలుపెట్టారు.

"మా ఊర్ల వాలీబాల్ ఆడుతుండిరి. నెట్టు అల్లింది నేను. బొంగులు పాతింది నేను. గిట్లనే సున్నంతోని గీతలు గీసేది నేను. ఆడేది వాళ్లు. అప్పుడు నాకు ఇరవై ఏండ్లుంటయ్. ఎగిరితే మోచెయ్యి నెట్టు మీదికొచ్చేది. ఊరందరికి ఎరుకే నా అంత ఎగిరేటోడు లేడని. కని మా వాడోళ్లం గీత దాటొద్దు. బంతి బయటికొస్తే నేను అందియ్యాలె. నా చెయ్యి పడ్డదని దాని మీద నీళ్లు చల్లి తీసుకుంటుండిరి. నెట్టు మీద చల్లలే మల్ల. నెట్టు అల్లింది గుడ గీ చెయ్యే."

ఎవరూ రాళ్లు అంటించడం లేదు.

"ఒకనాడు పక్కూరోళ్లతోని పెద్ద ఆట. ఊరు ఊరంత వచ్చింది. నేను గీత బయట నిలవడి పక్కూరు గెలవాలని మొక్కిన. గెలిచిండ్రు. మా ఊరు ముఖాలు మాడ్చుకుంటె నేను ఇంటెనుకకు పోయి నవ్విన. బాప్తిస్మం తీసుకున్ననాడు అన్ని పాపాలు ఒప్పుకున్న, అన్ని పోయినయ్. ఇదొక్కటి పోయినట్టు అనిపియ్యలే. యాభై ఏండ్ల సంది ఒప్పుకుంటనే ఉన్న. కన్న ఊరు చెడాలని కోరుకున్న మనిషి భూమ్మీద నేనొక్కణ్నే అనుకున్న. ఆట కనబడితె గదే యాదికొస్తది. గందుకే గా దినం పుస్తకం మూటగట్టిన. ఆమేన్ అన్నరని కోపం నిజమే. కని గదొక్కటే కాదు."

ఆ ఏడు పాయింట్లు నా చేతిలో ఉండి ఉంటే సిగ్గుపడేదాన్ని. మార్తమ్మే అంది, చీర కొస ఒళ్లోంచి తీయకుండానే:

"ఒక్కనివి కాదు తాతా. మైదానం మూల నిండ ఉన్నరు."

ఏలియాగారు ఆమె వంక చూశారు. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని స్వరూప లేవబోయింది. నవ్వు! సాంచాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి నవ్వు ఎలా ఉంటుందో నేను అంతకుముందు వినలేదు. మందిరం కిటికీ అద్దాలు మోగాయి. కింది దుకాణం గుజరాతీ ఆయన సగం మెట్లెక్కి వచ్చి, "శుం థయుం?" అని, ఏమైందో అడిగాడు. "కంఈ నహి భాయ్, ఏం లేదు, మా తాతకు తోడు దొరికిండ్రు" అని రెండు భాషల్లో జవాబు చెప్పింది స్వరూప.

ఆ తర్వాత తీర్పు. "అంకెలు రబ్బరుతోని తుడువు. వచనాలు దేవుని మాటకు. మనుషుల పుస్తకానికి వద్దు."

"తుడిస్తె ఏడ ఆపిన్నో ఎట్ల తెలుస్తది తాతా?"

"దారం పెట్టుకో. చీరల పని చేసేటోళ్లకు దారాల కరువా? ఇగ ఆమేన్ అనుడు బంద్. సదివినంక నోరు మూసుకొని జర్ర ఆలోచించుండ్రి, గంతే. ఊ, ఏడ ఆగిందో గాడికెల్లి సదువు."

స్వరూప ఆరో అధ్యాయం తెరిచింది. గంట సేపు చదివింది. వేరే దేశాలు ఆ దేశంతో ఆడబోమని తలుపులు మూయడం, లోపలివాళ్లు రెండుగా చీలి వాదించుకోవడం, అన్నీ విన్నాం. అధ్యాయం అయిపోయింది. పుస్తకం మూసింది. ఆడవాళ్లందరూ పెదవులు బిగబట్టి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆమేన్" అని వినిపించింది, గట్టిగా, కిటికీ పక్కనుంచి.

తొమ్మిదిమందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"ఏంది, అట్ల చూస్తున్నరు?" అన్నారు ఏలియాగారు. "ముసలి నోరు. నా మాట ఇంటదా?"

ఆదివారం, ఆరాధన తర్వాత

మరునాడు ఆరాధనకు ఆయన సంకలో గ్రంథంతో పాటు భుజం మీద చుట్ట చుట్టిన వలతో వచ్చారు. వెనకాలే సంతోషమ్మ. "ఇయ్యాల మా ఇంట్ల పావురాలకు పండుగ" అంది.

కూడిక ముగిశాక సాంచాల షెడ్ల వెనక ఖాళీ జాగాలో రెండు బొంగులు పాతారు. తెల్లపట్టీ పైకి వచ్చేలా వల కట్టారు. సున్నపు గీతలు గీశాక ఏలియాగారు చూడటానికి వచ్చిన అందర్నీ గీత లోపలికి రమ్మన్నారు. ఎవరూ బయట నిలబడకూడదు, ఆడినా ఆడకపోయినా ఆట మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరూ బంతిని ఒకసారి పట్టుకుని పక్కవారికి అందించాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ, ప్రభుదాసు, నేను, కింది దుకాణం ఆయన కూడా పట్టుకున్నాం.

బంతి చివరికి ఏలియాగారి చేతికి వచ్చింది. అప్పుడు చూశాను, స్వరూప శానిటైజర్ సీసాతో వస్తోంది. ఇన్ని చేతులు మారిన బంతి కదా, రోగం కాలం, చల్లాల్సిందే. ఆ పిల్ల ఆయన దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నిన్న విన్న మాట గుర్తొచ్చింది కాబోలు. సీసా వెనక్కి దాచుకుంది.

ఏలియాగారికి అర్థమైంది. బంతిని రెండు చేతులతో ముందుకు చాచారు.

"చల్లు బిడ్డా, ఏం కాదు. ఇది నా ఒక్కని చెయ్యి పడ్డందుకు కాదు. అందరి చెయ్యి పడ్డందుకు."

స్వరూప చల్లింది. బంతి మెరిసింది. ఆయన వెనక గీత దగ్గరికి వెళ్లి, యాభై ఏళ్ల తర్వాత, కాదు, జీవితంలో మొట్టమొదటిసారి సర్వీసు చేశారు. అది వలకు తగిలి ఇటే పడింది. రెండోది దాటింది. పాయింట్లు లెక్కపెట్టే పని నాకిచ్చారు. నేను రెండు పక్కలా చప్పట్లు కొట్టే హడావిడిలో లెక్క తప్పాను. ఎవరు గెలిచారో ఈ రోజుకీ బమ్రోలిలో తేలలేదు. మార్తమ్మ మాత్రం తమ జట్టేనని వాక్యం మీద ఒట్టు వేయబోతే ఏలియాగారు ఆపారు.

తిరిగి వచ్చాక

నేను ఇల్లు చేరిన రెండు నెలలకు రోగం మళ్లీ ముంచుకొచ్చింది. మందిరం తలుపులు మళ్లీ మూశారు. ఏలియాగారికి జ్వరం వచ్చి, పన్నెండు రోజులు పడుకుని, దేవుని కృపవల్ల లేచారు. ఇప్పుడు చదవడం ఫోన్లో సాగుతోంది. ఎనిమిదో అధ్యాయం అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే, ఆ మైదానాల్లో కంచెలు ఊడిపోయే అధ్యాయం. అది ఫోన్లో చదవొద్దని, మందిరంలో అందరూ కూర్చున్న రోజునే చదవాలని ఏలియాగారు ఆజ్ఞ ఇచ్చారు. పుస్తకంలో ఆ చోట ఎర్రదారం ఉందట. "కంచె తీసినంక గా మూలోళ్లు ఎవలికి సప్పట్లు కొట్టిండ్రో తెలువాలె నాకు" అన్నారు ఫోన్లో, నా చెవి చిల్లుపడేలా. నాకు తెలుసు. చెప్పలేదు.

చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి.

తండ్రీ, సాంచాల గల్లీలోని ఆ మెట్ల మీద మళ్లీ చెప్పులు కుప్పపడే శనివారాన్ని మాకు దయచేయి. ఆ తొమ్మిదిమందిలో ఒక్క గుండ్రం కూడా ఖాళీ కానీయకు. ఎర్రదారం దగ్గర స్వరూప పుస్తకం తెరిచేవరకు నీ సేవకుడు ఏలియా చెవులకు వినికిడినీ, గొంతుకు నవ్వునూ నిలిపి ఉంచు. గీత బయట నిలబడి ఎదుటి జట్టు గెలవాలని మొక్కినవారు ఎక్కడున్నా, ఏ ఊరివారైనా, వాళ్ల చేతికి ఒకసారి బంతి అందించు.

చివరి మాట నేను రాయడం లేదు. అది మీరు పలకండి, బమ్రోలికి వినిపించేంత గట్టిగా.